ఒక్క పూట మినిస్టర్

“ఓ వార్సమే సేటూ, తాడిచెట్టంత ఎత్తున్నవ్, నీళ్ళు ఏడున్నయో జర సూసి చెప్పరాదు?”

ఆవిరి కక్కుతున్న కిరాయి జీపు బానెట్ ఎత్తి, డ్రైవర్ గట్టయ్య వెక్కిరించాడు. వార్సమే నవ్వాడు. సోమాలియా నుంచి మిర్యాలగూడ మిల్లుల్లో బియ్యం బేరానికి వచ్చాడాయన. చిన్నప్పుడు హైదరాబాదులో చదివాడు కనుక ఉర్దూ, తెలుగు కలిపి నెట్టుకొస్తాడు. అది ఎనభై ఎనిమిది ఎండాకాలం. మాడుగులపల్లి దాటి ఒక తండా పక్కన బండి ఆగిపోయింది.

సీతాబాయి అనే ముసలమ్మ బిందె తెచ్చి రేడియేటర్లో ఒంపింది. తండా బోరింగు చెడిపోయిందనీ, అవి ఎక్కడో వ్యవసాయ బావి నుంచి మోసుకొచ్చిన నీళ్ళనీ తర్వాత తెలిసింది. ఇంట్లో బాలింత కోడలుంది. బాగుచేయించాల్సిన మిర్యాలగూడ ఇంజనీరు సారు రేపు మాపు అంటున్నాడట.

గట్టయ్యకు సిగ్గేసింది. ఆ వెంటనే కొంటె ఆలోచనా వచ్చింది.

“సేటూ, ఒక్క పూట మినిస్టర్‌వైతవా?”

వార్సమే ఖాళీ బిందె వైపు చూస్తూ, తాను అబద్ధం చెప్పనన్నాడు.

“నువ్వు నోరు మూసుకొని నిలబడు. అబద్ధాల సంగతి నేను సూసుకుంట.”

మిర్యాలగూడ దారి పొడుగునా గట్టయ్య పాఠం చెప్పాడు. దండ వేస్తే మెడ వంచాలి. కుర్చీ వేస్తే అందరికన్నా ముందు కూర్చోవాలి. నీళ్ళొస్తాయని మాటిచ్చి మళ్ళీ బండెక్కాలి.

సోమాలియా మంత్రి తండాల నీళ్ళ వసతి చూడ్డానికి వచ్చాడనగానే మిర్యాలగూడలో ఇంజనీరు లేచి నిలబడ్డాడు. ఏ శాఖ మంత్రని అడిగితే గట్టయ్య నాలుక తడబడింది.

“నీళ్ళ శాఖ,” అన్నాడు వార్సమే మెల్లగా.

అబద్ధమాడనన్న మనిషి ఎంత సాఫుగా ఆడాడని గట్టయ్య మురిసిపోయాడు. ఇంజనీరు మెకానిక్కును, పూలదండను జీపులో వేసుకుని వెంట వచ్చాడు.

తండాకు చేరాక వార్సమే నేర్పిందంతా తలకిందులు చేశాడు. దండ తీసి సీతాబాయి చేతిలో పెట్టాడు. కుర్చీలో ఆమెను కూర్చోబెట్టాడు. ఏ మాటా ఇవ్వలేదు. మెకానిక్ పైపులు పైకి లాగుతుంటే చొక్కా చేతులు మడిచి తానూ పట్టాడు. ఇక ఇంజనీరుకూ పట్టక తప్పలేదు. పొద్దు వాలే వేళకు బోరింగు రెండుసార్లు దగ్గి నీళ్ళు పోసింది. మొదటి బిందె బాలింత ఇంటికి పోయింది.

తిరుగు దారిలో గట్టయ్య గునిశాడు.

“ఇంజనీరు ఎడ్డోడు గాబట్టి నమ్మిండు సేటూ. దండ వద్దంటవ్. ముసలమ్మను కుర్చీల కూసోబెడతవ్. పైపులు మోస్తవ్. మినిస్టర్లు గిట్లుంటరా? నీకా పని అస్సలే రాదు.”

వార్సమే చేతికంటిన గ్రీజు తుడుచుకుంటూ కిటికీలోంచి పొలాలు చూశాడు.

“అందుకే మా దేశంల నన్ను తీసేసిన్రు.”