కుంకుమద్దిన నిమ్మకాయ

బారిడీహ్ కంపెనీ కాలనీలో మా పక్క క్వార్టర్లోకి రూతమ్మత్త దిగిన వారానికే మా పాపకి జ్వరం పట్టుకుంది. ఆవిడే చిల్లంగి పెట్టిందనుకున్నాను. తిప్పికొట్టాలని, మా ఆయన పొద్దుటి షిఫ్టుకెళ్ళగానే కుంకుమద్దిన నిమ్మకాయ ఆవిడ గుమ్మంలో పడేసేదాన్ని.

ఈరోజూ పడేసొచ్చాను. అంతలోనే ఆవిడొచ్చి తలుపు కొట్టింది. దొరికిపోయాననుకున్నాను.

“పాపకెలాగుందే?” అంటూ లోపలికొచ్చి ఒళ్ళు తడిమింది. “ఎవలో మా గుమ్మంలో రోజూ నిమ్మకాయలేత్తన్నారు. ఆ చెడుగు గోడ దాటి మీకు తగలకూడదని, ముందు మీ ఇంటికోసమే ప్రార్థన చేత్తన్నాను. చేతులియ్యి, కలిసి చేద్దుం.”

చేతులు వెనక్కి దాచుకున్నాను. లాక్కుని పట్టుకుంది. నా వేళ్ళకున్న కుంకుమ చూసింది.

నా చేతులు వదల్లేదు. కళ్ళు మూసుకుంది.

“తండ్రీ, ముందు ఈ తల్లిని కాయి. శానా జడిసిపోయుంది.”