గుడ్డు మార్చిన మనిషి

టోపీ పెట్టుకున్న మనిషి పక్షి కింద చెయ్యి పెట్టి గుడ్డు తీశాడు. పెట్టెలోంచి ఇంకో గుడ్డు తీసి అక్కడ పెట్టాడు. అటూ ఇటూ చూసి వెళ్ళిపోయాడు.

వంటింటి కిటికీలోంచి అనంతలక్ష్మి అంతా చూసింది. బాపట్ల నుంచి హవాయిలో కూతురి దగ్గరికి వచ్చి వారమే అయింది. అది 2012 డిసెంబరు. పెరట్లో చెట్టు కింద గుడ్డు మీద కూర్చున్న ఆ తెల్లటి పక్షి తప్ప పగలంతా ఆమెకు తోడు లేదు. బాతుకు రెండింతలుంటుంది. వానొచ్చినా కదలదు. ఎవరైనా దగ్గరికొస్తే ముక్కు టకటకలాడిస్తుంది, అంతే.

సాయంత్రం కూతురు ఉమ ఫార్మసీ నుంచి వచ్చి కారు తాళాలు బల్ల మీద పెట్టిందో లేదో అనంతలక్ష్మి అందుకుంది.

"ఎవడో దొంగ పడ్డాడే. గుడ్డు మార్చేసి పోయాడు."

ఉమ నవ్వింది. "దొంగ కాదమ్మా, కలేయో. పక్షుల ఆఫీసులో పని చేస్తాడు. నేనే పర్మిషన్ ఇచ్చాను. మన పక్షి గుడ్డులో పిల్ల లేదు, లైటు పెట్టి చూశాడు. దీవికి పడమట మిలిటరీ రన్‌వే ఉంది. అక్కడ ఇవి గూడు పెడితే విమానాలకి అడ్డం. అందుకని అక్కడి గుడ్లు తెచ్చి, ఇలా గుడ్డు పాడైపోయిన వాటి కింద పెడతారు."

"తెలియదా?"

"ఎవరికి?"

"తల్లికి."

"తెలియదమ్మా."

అనంతలక్ష్మికి నమ్మకం కలగలేదు. బాతు గుడ్లు కోడి కింద పొదగేయడం ఆమె చేతుల మీద జరిగిన పనే. పిల్లలు కోడి వెంటే తిరిగేవి, కాలువ కనబడే దాకా. నీళ్ళు చూడగానే ఒక్కటొక్కటే దిగిపోయేవి. కోడి గట్టు మీద అరుచుకుంటూ అటూ ఇటూ పరుగెత్తేది. ఒక్కటీ వెనక్కి తిరిగి చూసేది కాదు.

ఫిబ్రవరిలో పిల్ల బయటికొచ్చింది. తల్లీ తండ్రీ వంతులేసుకుని సముద్రం మీదికి పోయి, తిన్నది తెచ్చి దాని నోట్లో పోసేవి. అనంతలక్ష్మి కిటికీ వదల్లేదు. తల్లిని అనుమానంగా చూసేది, పిల్లని మరీ అనుమానంగా చూసేది. తల్లి రావడం కాస్త ఆలస్యమైతే, "తెలిసిపోయినట్టుంది" అనేది. పిల్ల గూడు దిగి పడమటికి నాలుగడుగులు వేస్తే, "రన్‌వే అటే గదా" అనేది.

"ముక్కు చూడవే. తల్లి పోలిక ఉందా?"

"అన్నిటి ముక్కూ అంతేనమ్మా."

"ఎవరూ ఏమీ అనరుగా?"

"ఎవరంటారు, పక్కింటి పక్షులా?"

కలేయో పిల్లని చూడ్డానికి వచ్చినప్పుడల్లా ఆమె ప్రశ్నలు పట్టుకుని ఎదురెళ్ళేది. ఆమెకు ఇంగ్లీషు రాదు. ఉమే అటూ ఇటూ చెప్పాలి.

"రెక్కలొచ్చాక ఇది ఎక్కడికి పోతుందో అడుగు."

"సముద్రం మీదికట. కొన్నేళ్ళ పాటు నేల మీద కాలు పెట్టదట. ఆ తర్వాత పెరిగిన చోటుకే వస్తుందట."

"పుట్టిన చోటుకి పోదా?"

"పోదట."

"అతనికేం తెలుసు?"

ఆ మాట ఉమ అతనికి చెప్పలేదు. కానీ ఆవిడ గొంతు విని కలేయోకి ఏదో అర్థమైనట్టుంది. గడ్డి మీద కూర్చుని నెమ్మదిగా చాలాసేపు మాట్లాడాడు.

"వీళ్ళ దీవుల్లో ఇది పాతకాలం నుంచీ ఉన్నదేనటమ్మా. మన బిడ్డని ఇంకో ఇంటికి పెంపకానికి ఇవ్వడం. హానై అంటారట. ఇతన్ని కూడా వాళ్ళ అమ్మమ్మే అలా పెంచిందట. ఊరందరికీ తెలుసట."

"ఊరందరికీ చెప్పుకున్నారా?" అంది అనంతలక్ష్మి. ఆ రోజు అతనికి కాఫీ కూడా ఇవ్వలేదు.

మే నెలలో, ఆమె తిరుగు ప్రయాణం దగ్గర పడ్డాక, కలేయో చిన్న రేకు కడియంతో వచ్చాడు. పిల్ల కాలికి వేస్తాడట. దాని మీద నెంబరుంటుంది. ఆ నెంబరు చెబితే చాలు, ఏ గుడ్డు, ఎక్కణ్ణుంచి తెచ్చారు, అంతా ఆఫీసులో చెప్పేస్తారట.

అనంతలక్ష్మి చెప్పులైనా వేసుకోకుండా పెరట్లోకి వచ్చి, పిల్లకీ అతనికీ మధ్య నిలబడింది.

"వద్దని చెప్పు."

"నొప్పి పుట్టదమ్మా దానికి."

"నొప్పి సంగతి కాదే. పుట్టిన చోటు కాలికి కట్టి పంపుతారా ఎవరైనా?"

"అది పక్షి. నెంబరు చదువుకుంటుందా?"

"ఎవరో ఒకరు చదివి చెబుతారు. అలాంటి వాళ్ళకి కరువా? నోట్లోది తీసి పెట్టి పెంచింది ఆ తల్లి. రేపు ఆ పిల్ల నిజం తెలిసి మొహం తిప్పుకుని పోతే, దాని గతేంటి? అడుగు అతన్ని."

కలేయో కడియం పట్టుకుని, ఏమంటోందన్నట్టు ఉమ వంక చూశాడు.

ఉమ అతన్ని ఏమీ అడగలేదు. తల్లి చెయ్యి పట్టుకుంది.

"తెలిసినా ఎక్కడికీ పోదమ్మా."

"నీకెలా తెలుసే?"

"నేను తొమ్మిదో క్లాసులో ఉండగానే రాధారాణి అత్తయ్య చెప్పేసిందమ్మా, నన్ను గుంటూరు నుంచి తెచ్చి పెంచుకున్నావని."