గుడ్ల పెట్టె

కోడిపిల్లలు ఎలా పుడతాయో చూపించాలని మా రెండో తరగతి గదిలో వెచ్చదనం కోసం బల్బు వెలిగే అట్టపెట్టెలో ఆరు గుడ్లు పెట్టాను. ఇరవై ఒక్క రోజులన్నాను. ఇవాళ్టికి ఇరవై నాలుగు. రేపు చూడ్డానికి అమ్మానాన్నలందరూ వస్తున్నారు.

"ఇంకా లేవలేదేంటి టీచర్?" అని పెట్టెకు ముక్కులు ఆనించి పిల్లలు అడుగుతుంటే, రేపు లేస్తాయిలే అన్నాను.

బడి వదిలాక, మరిచిపోయిన గొడుగు కోసం గదికి వెనక్కొచ్చాను. క్లాసు లీడరు పిల్ల ఒక్కతే ఉంది. కుర్చీ ఎక్కి ఫ్యాను ఆపింది, లైట్లు ఆర్పింది. పెట్టె మీదికి వంగి "బజ్జోండమ్మా" అని, దాని బల్బు కూడా ఆర్పేసింది.

"అదెందుకు ఆర్పావే తల్లీ?"

"రోజూ ఆర్పుతాగా టీచర్! పొద్దున్నే అందరికంటే ముందొచ్చి మళ్ళీ వేస్తా. వెళ్ళేటప్పుడు ఒక్క స్విచ్చు కూడా వదలొద్దని మీరే అన్నారుగా?"

అన్నాను. గోడ మీది చార్టులో ఆ మాట నా దస్తూరీలోనే ఉంది. కింద ఆ పిల్ల పేరు పక్కన, ఒక్క రోజూ తప్పకుండా, నేనంటించిన స్టార్లు.

"ఇవాళ్టిది, టీచర్?" అని చెయ్యి చాచింది.

స్టార్ల కాగితం తీసి ఒకటి ఇచ్చాను. ఇంకేం చెయ్యమంటారు?