మొదటి మొగ్గ

“ఆ బంతి మొక్కకి మొగ్గ అలాగే వదిలేశావేమే?” కిటికీ పక్క మంచం మీంచే కసిరింది అక్క.

పెరట్లో కొత్త మొక్కలకి నీళ్లు పోస్తున్న చెల్లెలు తలెత్తలేదు. “ఉండనీ అక్కా, పూస్తుందిగా.”

“మొదటి మొగ్గ తుంచితేనే గుబురుగా కొమ్మలేస్తుందని ఏటా చిలక్కి చెప్పినట్టు చెబుతున్నా!”

“తుంచితే మళ్లీ పూసేసరికి ఎండాకాలం వెళ్లిపోతుంది.”

“వెళ్లనీ. మనకేం తొందర?”

 చెల్లెలు తడిసిన కుండీలోనే మళ్లీ నీళ్లు పోసింది.

నిన్న ఆస్పత్రిలో అక్కని బయట కూర్చోబెట్టి డాక్టరు చెల్లెల్ని ఒక్కదాన్నే లోపలికి పిలిచాడు. చెల్లెలు బయటికొచ్చి, “భయం లేదట” అంది.

అక్క ఆ మొగ్గనీ, చెల్లెల్నీ మార్చి మార్చి చూసింది.

“సర్లే, తుంచకు,” అంది చివరికి. “కుండీ కాస్త ఇటు జరుపు. పడుకునే చూస్తాను.”