విమానమెక్కిన బాతుగారి ఆస్తి

చైత్ర బహుళ పాడ్యమి నాడు తీతువు పిట్టకి అన్యాయం జరిగింది. నాలుగు గుడ్లు పొదుగుతున్న తల్లిని పట్టుకుని చెరువుగట్టు ఖాళీ చెయ్యమన్నారు.

ఆ చెరువులో ఓ ఆచారముంది. ఎవరి కంటికి ఎంత మేర ఆనితే అంతా వాళ్లదే. కప్పకి మూరెడు, కొంగకి గట్టంతా. యజమాని ఒళ్లో కూర్చుని విమానంలో దిగిన సీమబాతు ఆ ఆచారాన్నే పట్టుకుంది.

"కిటికీలోంచి ఒక్క చూపుకి మూడొందల యాభై కిలోమీటర్లు చూశాను. నేల అంచుదాకా! మీ చెరువూ అందులోదే. లే, అపశకునప్పిట్టా!"

"చిత్తం దొరా," అని కొంగ అప్పటికే మెడ వంచేసింది. దానికేం, వంచడానికి మెడ ఉంది. తీతువుకి ఉన్నవి కదపరాని గుడ్లు.

పాపం, నాలుగు రోజులు ఏడ్చింది. ఐదో నాడు తాబేలు పెద్దగా కూర్చున్న పంచాయతీలో ఏడుపు మాని అడిగింది.

"అంత ఎత్తు నుంచి నా గుడ్లు ఎన్ని కనబడ్డాయి బాతుగారూ?"

"గుడ్లా? అంత పైనుంచి మీ చెరువే కనబడలేదు! అంచు మాత్రం గీత గీసినట్టుంది," అని బాతు రొమ్ము విరిచింది.

"విన్నావా తాబేలు తాతా? కనబడని చెరువు ఆయనదెలా అవుతుంది? కనబడ్డ అంచు ఇచ్చెయ్యి, పోయి ఏలుకుంటాడు."

తాబేలు అలాగే తీర్పు చెప్పింది. బాతు దర్జాగా అంచు కేసి నడిచింది. అది నడిచినంత దూరమూ అంచు జరుగుతూనే ఉంది.

బాతు బయల్దేరిన తేదీ తాబేలు రాతి మీద గీసింది: చైత్ర బహుళ పంచమి. ఆస్తి స్వాధీనమైన తేదీకి పక్కన చోటు వదిలింది.