ఇంకో పాప పోకుండా

"ఇక్కడ నిలవాకు అవ్వా. బేరం పోతాది."

సింగానల్లూరు బస్టాండు ఎదుట మొబైల్ షాపు నడిపే విగ్నేశ్, మెట్ల మీద నిలబడ్డ ముసలామెను కసిరాడు.

ఆమె పేరు అంగమ్మాళ్. చేతిలో ఒక అట్ట. దాని మీద యూనిఫాంలో నవ్వుతున్న ఇలక్కియ ఫోటో.

ఆ పాప సంగతి ఊరందరికీ తెలుసు. పొద్దున స్కూల్ వ్యాన్ ఎక్కిన పిల్ల శవమై ఇంటికొచ్చింది. పాపని చంపిన డ్రైవర్ జైల్లో ఉన్నాడు.

"ఒక కైయెళుత్తు పెట్టు కన్నా," అని అంగమ్మాళ్ సంతకాల కాగితం చాపింది. "వాణ్ణి ముందే రెండు స్కూళ్లు తరిమినాయి. ఎందుకు తరిమినారని మూడో స్కూలు అడగలేదు. అడిగి తీరాలని సట్టం రావాల."

"సట్టం వస్తే పోయిన పాప వస్తాదా?"

"రాదు. ఇంకో పాప పోకుండా ఉంటాది."

విగ్నేశ్‌కు విసుగేసింది.

"బిడ్డని సరిగా చూసుకోకుండా, ఇప్పుడు రోడ్డు మీద నిలబడితే ఏం లాభం?"

ఆమె చాపిన కాగితం వెనక్కి తీసుకుంది.

"నిజమే. నా బిడ్డని నేను సరిగా చూసుకోలేదు."

అంతే అంది. మెట్టు మాత్రం దిగలేదు.

మరునాడు స్కూలు తరఫు మనుషులు వచ్చి అట్ట చించేశారు.

"చించుకోండి! నోరు ఉండాది గదా నాకు!"

ఆ కేకకు మిల్లు నుంచి వస్తున్న ఆడవాళ్లు ఆగారు. కాలేజీ పిల్లలు ఆగారు. పోలీసులు ఆమెను జీపెక్కిస్తే, జీపులోంచి కూడా అరిచింది. విడిచిపెట్టగానే మళ్లీ వచ్చి అక్కడే నిలబడింది.

సంతకం పెట్టడానికి జనం బస్టాండులో వరస కట్టారు. విగ్నేశ్ మాత్రం షాపు దిగలేదు.

పోరాటం మదురై దాకా పాకింది. అక్కడికి దగ్గరి మేలూరులో ఊరేగింపు ముందు నడుస్తూ అంగమ్మాళ్ ఎండకు కూలిపోయింది. మళ్లీ లేవలేదు.

ఆ తర్వాత చట్టం వచ్చింది.

బస్టాండులో అంగమ్మాళ్ ఫోటో పెట్టారు. విగ్నేశ్ షాపు మూసి, పూలదండ తెచ్చాడు. ఇలక్కియ తల్లి పాండీశ్వరి అక్కడే నిలబడి ఉంది.

"అక్కా, మీ అమ్మని ఆ రోజు అనరాని మాట అన్నా. మన్నించండి."

"ఆమె మా అమ్మ కాదు తమ్ముడూ."

"అయితే, అత్తగారా?"

"మాకు ఏ వరసా కాదు. ఇంట్లో దాక్కున్న డ్రైవర్ని చెయ్యి పట్టి స్టేషన్‌కి ఈడ్చుకుపోయింది ఆమే."

"మరి ఎవరక్కా ఆమె?"

పాండీశ్వరి అతని చేతిలోని దండ అందుకుని, తానే ఫోటోకు వేసింది.

"వాణ్ణి కన్న తల్లి."