ఆట మానేసినవాడు

బారులోకి వచ్చిన మనిషికి కోటు లేదు. బయట మార్చి నెల మంచు పడుతోంది.

"దారి తప్పానమ్మా. కాసేపు ఇక్కడ కూర్చోనా? నాకోసం వస్తారు," అన్నాడు.

బారు యజమాని పెగ్గీ ఎవరికైనా ఫోన్ చేయాలా అని అడిగింది. అతను జేబులు తడుముకున్నాడు. నంబరు గుర్తు లేదన్నాడు.

"సర్లే, కూర్చో. బయటికి మాత్రం వెళ్లకు. ఈ మంచులో పోతావు."

కౌంటర్ చివర ఒక స్టూలు చూపించి, గ్లాసులో కోక్ పోసిచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం. టీవీలో బాస్కెట్‌బాల్ నడుస్తోంది. దాని ముందు కొవాచ్, రూడీ, ఇంకో నలుగురు. కొవాచ్ ఆగిపోయిన కార్లను లాక్కెళ్లే ట్రక్కు నడుపుతాడు. రూడీ స్కూళ్లలో గదులు వెచ్చబెట్టే బాయిలర్లు బాగు చేస్తాడు. తమ ఊరు క్లీవ్‌లాండ్ ఓడిన ఆటలన్నీ ఇద్దరూ ఇక్కడే కూర్చుని చూశారు.

"ఈ ఏడు కప్పు మనదే. రాసిపెట్టుకో," అన్నాడు రూడీ.

"నీ మొహం," అన్నాడు కొవాచ్. "బోస్టన్ వాళ్లు మడిచి జేబులో పెట్టుకుంటారు. మే నెల వచ్చేసరికి మనవాళ్లకి మోకాళ్ల నొప్పులు మొదలవుతాయి కదా!"

"మరి ఓక్లహోమా?"

"పిల్లకాయలు. ఒక్క దెబ్బ పడితే అమ్మా అంటారు."

ఆటకు విరామం వచ్చింది. టీవీ తెర అడుగున, ఒకరినొకరు ఢీకొట్టుకునే అమెరికన్ ఫుట్‌బాల్ వార్తలు పోతున్నాయి. డేరియన్ టేట్ పేరు కనిపించింది. ఊరి టీంలో ఆడేవాడు. తలకు మూడోసారి దెబ్బ తగిలాక, ఇరవై ఆరేళ్లకే ఆట మానేస్తున్నానని ఆ వారం ప్రకటించాడు.

కొవాచ్ వేరుశనగ తొక్క నేల మీదికి ఉమ్మాడు.

"పిరికి వెధవ. కోట్లు మింగాడు. ఇప్పుడు తలనొప్పట!"

"వాడి చోట ఎవణ్ణి తెస్తారో," అన్నాడు రూడీ. "డ్రాఫ్ట్‌లో కొత్తవాళ్లని ఎంచుకోవడానికి మన వంతు వచ్చేసరికి మంచి కుర్రాళ్లంతా అయిపోతారు."

కౌంటర్ చివరి మనిషి వాళ్ల వైపు తిరిగాడు.

"ఆ కుర్రాడు ఇక ఆడడా?"

"ఆడడు పెద్దాయనా. చేతులెత్తేశాడు," అన్నాడు రూడీ.

"మంచి పని చేశాడు."

రూడీ నవ్వాడు. కొవాచ్ నవ్వలేదు.

"ఏంటి మంచి? మా నాన్న వేలు తెగిన మర్నాడే ఉక్కు మిల్లుకెళ్లాడు. వాడికి తల తిరుగుతోందని పరుపు మీద పడుకుంటాడా?"

ఆ మనిషి కోక్ తాగాడు. మాట మళ్లీ బోస్టన్ మీదికి పోయింది.

కొంతసేపటికి అతను మళ్లీ తిరిగాడు.

"ఆ కుర్రాడు... టేట్. ఇక ఆడడా?"

"ఇప్పుడేగా చెప్పాం!"

"ఆడడా?"

"ఆడడయ్యా బాబూ!"

అతను రెండు చేతులూ కౌంటర్ మీద పెట్టి నవ్వాడు.

"మంచి పని చేశాడు. చాలా మంచి పని."

"మనల్ని ఆడిస్తున్నాడ్రా," అన్నాడు కొవాచ్. "పిట్స్‌బర్గ్ నుంచి, ఆ పగవాళ్ల ఊరి నుంచి దిగాడేమో చూడు."

మూడోసారి అదే ప్రశ్న వచ్చేసరికి కొవాచ్ లేచి వెళ్లి అతని కాలరు పట్టుకున్నాడు. ఆ మనిషి కొవాచ్ కన్నా ఒక తలంత పొడుగు. ఎదురు తిరగలేదు.

"బయటికి వెళ్లొద్దన్నదిగా ఆవిడ," అన్నాడు.

"నేను వెళ్లమంటున్నాగా. పెగ్గీ, తాగొచ్చి ఆటలాడుతున్నాడు వీడు."

అతను తాగింది కోక్ ఒక్కటేనని పెగ్గీకి తెలుసు. గుడ్డ తీసుకుని కౌంటర్ తుడిచింది.

"నా బారులో గొడవ వద్దు. ఏదైనా బయట చూసుకోండి."

కొవాచ్ అతన్ని తలుపు దాటించి మంచులోకి నెట్టడం రూడీ ఫోన్‌లో వీడియో తీశాడు. మిగతా నలుగురూ చప్పట్లు కొట్టారు.

ఆ మనిషి వెంటనే వెళ్లిపోలేదు. కిటికీ అద్దానికి అరచెయ్యి ఆనించి లోపలికి చూస్తూ నిలబడ్డాడు. రూడీ లేచి కిటికీ తెర దించేశాడు.

ఆట ముగియబోతుండగా తలుపు తెరుచుకుంది. ఒక యువకుడు వచ్చాడు. తల మీద, భుజాల మీద మంచు. అతని చేతిలో ఒక కోటు ఉంది.

అతను డేరియన్ టేట్. ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది.

"ఒక పెద్దాయన. పొడుగ్గా ఉంటారు. ఇటేమైనా వచ్చారా?"

ముందు తేరుకున్నది రూడీ.

"డేరియన్! బాబూ, ఒక్క ఫోటో..." అంటూ అదే ఫోన్ పైకెత్తాడు.

కొవాచ్ ప్యాంటుకు చెయ్యి తుడుచుకుని చాచాడు.

"నీ వీరాభిమానిని తమ్ముడూ. మా ఇంట్లో నీ జెర్సీ ఉంది. నువ్వు చేసిందే కరెక్టని ఇందాకటి నుంచి వీళ్లకి చెబుతున్నాను."

డేరియన్ ఆ చెయ్యి పట్టుకోలేదు. పెగ్గీ వైపు చూశాడు.

"వచ్చారు," అంది ఆమె. "పంపించేశాం."

"ఎటు వెళ్లారు?"

పెగ్గీ వెళ్లి కిటికీ తెర ఎత్తింది. బయట అడుగుల గుర్తులు కూడా లేవు. వాటి మీద మంచు పడిపోయింది. అతను ఎటు వెళ్లాడో ఆ బారులో ఎవరూ చూడలేదు.

"పోలీసులకి ఫోన్ చేస్తున్నాను," అంది పెగ్గీ. "ఏమవుతారు నీకు?"

డేరియన్ అప్పటికే తలుపు తీశాడు.

"మా నాన్న. మీ టీంకే తొమ్మిదేళ్లు ముందు వరసలో ఆడి, తలతో ఢీకొట్టారు. ఇప్పుడు ఇల్లు గుర్తుండదు, నిన్న గుర్తుండదు. నా చేత ఆట మానిపించాలన్న ఒక్క మాటే ఆయన ఇంకా మరిచిపోలేదు."